గెలిపించిన వాళ్లం దించలేమా?

(ఓటర్ల అవగాహన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. ఇది పది నిమిషాల్లో తేలే విషయం కాదు.

ఒక ఎమ్మెల్యే ఉన్నాడనుకుందాం. ఎన్నికై ఏడాదైంది. నియోజకవర్గం మొహం చూడడు, ఇచ్చిన మాట ఎత్తడు. ఇంకా నాలుగేళ్లుంది. ఓటేసిన మనం చట్టప్రకారం ఆయన్ని దించగలమా? లేము. ఎంపీని? లేము. ముఖ్యమంత్రిని? అసలు ముఖ్యమంత్రి పదవికి మనం ఓటే వెయ్యలేదు కదా! రాజ్యాంగంలో 164(2) చదవండి. మంత్రిమండలి సమష్టిగా శాసనసభకు బాధ్యత వహిస్తుంది అని ఉంటుంది. శాసనసభకు. మనకు అని లేదు. కేంద్రం సంగతి చెప్పే 75(3)లోనూ అంతే, లోక్‌సభకు.

ఎక్కించడం మన చేతిలో ఉంది. దించడం మన చేతిలో లేదు. మరి ఎవరి చేతిలో ఉంది? ఈ సాయంత్రం మనం తేల్చుకోవాల్సింది ఇదొక్కటే. ఎందుకంటే "ప్రజల్లో చైతన్యం రావాలి" అని అందరూ అంటారు. వచ్చిన చైతన్యం పోయి ఏ తలుపు తట్టాలో ఎవరూ చెప్పరు.

ఊరి నుంచే మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్‌ని ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. ఉప సర్పంచ్ మీద వార్డు సభ్యులు అవిశ్వాసం పెట్టవచ్చు. సర్పంచ్ మీద పెట్టడానికి లేదు. సరే, వార్డు సభ్యులు కాదు, ఊరే పెట్టాలనుకుంటే? దానికీ దారి లేదు. కానీ 1994 పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షన్ చూడండి. నోటీసిచ్చి, సంజాయిషీ అడిగి, జిల్లా కలెక్టర్ సర్పంచ్‌ని తొలగించవచ్చు. తెలంగాణ 2018 చట్టంలో కూడా కలెక్టర్‌కు ఆ అధికారం ఉంది. ఓటేసిన ఊరు దించలేదు, ఆ ఊళ్లో ఓటే లేని కలెక్టర్ దించగలడు. విడ్డూరంగా లేదూ? నిధులు మింగినవాణ్ణి ఎవరో ఒకరు ఆపాలి, అది నిజమే. కాకపోతే కలెక్టర్ మీద ఒత్తిడి తెచ్చేది ఊరు కాదు, పైనున్న ప్రభుత్వం. ఆ సెక్షన్ ఎవరి మీద పడుతుంది, ఎవరి జోలికి పోదు అనేది మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు శాసనసభకు వద్దాం. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. ఫిరాయింపుల చట్టం అంటామే, అదే. పార్టీ సభ్యత్వం తనంతట వదులుకున్నా, పార్టీ విప్‌కు, అంటే ఇలా ఓటెయ్యాలన్న పార్టీ ఆదేశానికి, వ్యతిరేకంగా ఓటేసినా సభ్యత్వం పోతుంది. విప్ ధిక్కరించినవాణ్ణి పార్టీ పదిహేను రోజుల్లోపు క్షమిస్తే సరే. దీన్ని మన వైపు నుంచి చూడండి. నియోజకవర్గం మొత్తం ఒక బిల్లును వ్యతిరేకిస్తోంది. ఎమ్మెల్యే మన మాట విని బిల్లుకు వ్యతిరేకంగా ఓటేశాడు. పదవి పోతుంది. మన మాట పెడచెవిన పెట్టి విప్ ప్రకారం ఓటేశాడు. ఏమీ కాదు. పార్టీ మాట కాదంటే శిక్ష ఉంది, ఓటరు మాట కాదంటే లేదు. చట్టమే ఆయనకు యజమాని ఎవరో చెప్పేసింది.

పోనీ, పార్టీ మారితే మనం వేసిన ఓటుకు విలువేదని కదా ఆ చట్టం తెచ్చారు, అది సరిగ్గా పనిచేస్తోందా? మొదట్లో మూడో వంతు మంది చీలితే అనర్హత ఉండేది కాదు. 2003లో 91వ సవరణ ఆ కిటికీ మూసింది. మూడింట రెండొంతుల మంది కలిసి వెళ్తే విలీనం అనే తలుపు మాత్రం అలాగే ఉంచింది. 2019 జూన్‌లో తెలంగాణలో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మంది ఉంటే 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. లెక్క వేసుకోండి, సరిగ్గా మూడింట రెండొంతులు. ఒక్కడు వెళ్తే తప్పు, పన్నెండు మంది వెళ్తే చట్టబద్ధం. ఓటేసినవాడికి రెండూ ఒకటే.

అంత మంది లేకపోతే? అప్పుడు స్పీకర్ తేల్చాలి. ఎన్నాళ్లలో తేల్చాలో షెడ్యూలులో రాయలేదు. అసలు రోగం ఇక్కడుంది. స్పీకర్ సాధారణంగా అధికార పక్షం మనిషి, వచ్చి చేరింది అధికార పక్షంలోకి. పిటిషన్ బల్ల మీద ఉంటుంది, సభ కాలం గడిచిపోతుంది. 2020లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలంది. అయినా తెలంగాణలో పార్టీ మారిన పది మంది ఎమ్మెల్యేల వ్యవహారం మళ్లీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూలై 31న కోర్టు మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. ఐదేళ్ల కిందటే చెప్పిన మాటను మళ్లీ చెప్పించుకోవాల్సి వచ్చిందంటే, రాతపూర్వక గడువు లేని అధికారం ఎలా నడుస్తుందో అర్థం చేసుకోండి.

ఇంకా ఉంది. అనర్హుడైతే మాత్రం ఏమవుతుంది? కర్ణాటకలో 2019లో 17 మందిని స్పీకర్ అనర్హుల్ని చేశాడు. సుప్రీంకోర్టు అనర్హత సరైనదే అంది, కానీ ఉప ఎన్నికల్లో పోటీ చెయ్యవచ్చు అంది. డిసెంబరులో 15 స్థానాలకు ఎన్నిక జరిగితే వాళ్లు వెళ్లి చేరిన పార్టీయే 12 గెలిచింది. ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఓటర్లే గెలిపించారు! దించే అవకాశం చేతికొచ్చినప్పుడు కూడా ఓటరు దించాలనే ఏముంది? అధికార పక్షం ఎమ్మెల్యే అయితే పనులు జరుగుతాయి అనే లెక్క ఓటరుకూ ఉంటుంది. దాన్ని అమాయకత్వం అని కొట్టిపారెయ్యకండి. నిధులు పంచే తీరు అలా ఉన్నప్పుడు అది తెలివైన లెక్కే.

సరే, చట్టం ఎందుకు, వీధిలోకి వచ్చి రాజీనామా చేయిద్దాం అంటారు కొందరు. అదీ అయింది. 1974 గుజరాత్ నవనిర్మాణ ఉద్యమం. 168 మంది సభలో 140 మంది బలమున్న ముఖ్యమంత్రి ఫిబ్రవరిలో దిగిపోయాడు. ఎమ్మెల్యేలను జనం చుట్టుముట్టి రాజీనామాలు చేయించారు. మార్చిలో సభే రద్దయింది. మరి పార్లమెంటు దానికి ఏం జవాబిచ్చింది? అదే సంవత్సరం 33వ సవరణ తెచ్చింది. రాజీనామా స్వచ్ఛందంగా, నిజంగా ఇచ్చింది కాదని స్పీకర్ భావిస్తే ఆమోదించనక్కర్లేదు. మన దగ్గర 2011లో తెలంగాణ ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా రాజీనామా చేస్తే, భావోద్వేగ వాతావరణంలో ఇచ్చినవని స్పీకర్ తిరస్కరించారు. గుర్తుంది కదా? తుపాకీ పెట్టి రాయించుకున్న రాజీనామాను ఆమోదించకూడదు, ఆ మేరకు సవరణలో న్యాయం ఉంది. కానీ చూడండి, తాళం మళ్లీ ఎవరి దగ్గరికి చేరింది? స్పీకర్ దగ్గరికే.

రీకాల్ తెస్తే?

ఇక అందరూ ఎదురుచూస్తున్న మాట. రీకాల్. వెనక్కి పిలిచే హక్కు. ఇది కొత్త ఆలోచనేం కాదు. రాజ్యాంగ సభలోనే చర్చకు వచ్చింది. ఎక్కడో కొందరు చెడ్డవాళ్లుంటారని రాజ్యాంగాన్ని పాడుచేసుకోనక్కర్లేదు, సభ్యుల విచక్షణకు వదిలేద్దాం అన్న ధోరణిలో సర్దార్ పటేల్ దాన్ని కాదన్నారు. 1974లో, అవును, ఆ 33వ సవరణ వచ్చిన ఏడాదే, లోక్‌సభలో సీపీఐ ఎంపీ సి.కె.చంద్రప్పన్ రీకాల్ బిల్లు పెట్టారు. వాజ్‌పేయి సమర్థించారు. నెగ్గలేదు. 2016లో వరుణ్ గాంధీ మరొకటి పెట్టారు. అదీ అంతే. ఇలా మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే ప్రైవేటు సభ్యుల బిల్లు చట్టమై 1970 తర్వాత ఒక్కటీ లేదు, ఆ సంగతి మనసులో పెట్టుకోండి.

అయితే మన దేశంలో రీకాల్ అసలే లేదనుకోకండి. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో పురపాలక అధ్యక్షుల విషయంలో ఉంది. బ్యాలెట్ మీద రెండు గుర్తులుంటాయి: నిండు కుర్చీ, ఖాళీ కుర్చీ. ఉంచాలంటే నిండు కుర్చీకి, దించాలంటే ఖాళీ కుర్చీకి. ఎంత బాగుందో చూడండి, చదువురానివాడికి కూడా అర్థమవుతుంది. దించేశారు కూడా, ఒకసారి కాదు. కానీ ఆ ఓటింగు ఎవరు మొదలుపెట్టాలి? ఎన్నికైన కౌన్సిలర్లలో నాలుగింట మూడొంతుల మంది సంతకం చేసి కలెక్టర్‌కు ఇవ్వాలి. ఎన్నికై కొన్నేళ్లు దాటి ఉండాలి. పదవీకాలం మొత్తంలో ఒక్కసారే. చివరి మాట ఓటరుదే, మొదటి మాట మాత్రం ఓటరుది కాదు. అధ్యక్షుడికీ కౌన్సిలర్లకూ వాటాలు కుదిరినంతకాలం ఆ కుర్చీల బ్యాలెట్ బయటికే రాదు.

బ్రిటన్‌లో 2015లో ఎంపీల రీకాల్ చట్టం చేశారు. అక్కడా ఓటరు మొదలుపెట్టలేడు. ఎంపీకి జైలుశిక్ష పడాలి, లేదా సభ కనీసం పది పనిదినాలు సస్పెండ్ చెయ్యాలి, లేదా ఖర్చుల విషయంలో తప్పుడు లెక్కలిచ్చినట్టు రుజువవ్వాలి. అప్పుడు ఆరు వారాలు పిటిషన్ తెరుస్తారు. పది శాతం ఓటర్లు సంతకం చేస్తే సీటు ఖాళీ. 2018లో నార్త్ ఆంట్రిమ్‌లో మొదటిసారి తెరిచారు. 7,543 సంతకాలు కావాలి, 7,099 వచ్చాయి. 444 తక్కువ. సంతకాల కేంద్రాలు పది దాకా పెట్టవచ్చు, మూడే పెట్టారు. మరుసటి ఏడాది పీటర్‌బరోలో పది శాతం దాటింది, సీటు పోయింది. హక్కు కాగితం మీద ఒకటే. కేంద్రాలు ఎన్ని, ఎంత దూరం, ఎన్ని గంటలు తెరిచి ఉంటాయి అనే దగ్గర అసలు హక్కు పెరుగుతుంది, తరుగుతుంది.

ఆ పది శాతాన్ని మన దగ్గర పెట్టి చూద్దాం. 2024లో దేశంలో ఓటర్లు దాదాపు 96.8 కోట్లు, లోక్‌సభ స్థానాలు 543. సగటున ఒక్కో స్థానానికి 17.8 లక్షలు. పది శాతం అంటే 1.78 లక్షల సంతకాలు. ప్రతి సంతకం ఓటరు జాబితాతో సరిచూడాలి. ఎవరు చూస్తారు? మళ్లీ రెవెన్యూ సిబ్బందే, మళ్లీ కలెక్టరే. వేలిముద్రలు, ఒకే పేరున్నవాళ్లు, వలసపోయినవాళ్లు, చనిపోయినా జాబితాలో ఉన్నవాళ్లు... ఎన్ని కొట్టేస్తే గీత కిందికి పోతుందో అన్నే కొట్టెయ్యడానికి వీలుంటుంది. పోనీ అసెంబ్లీ? ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలు, స్థానానికి సగటున 2.3 లక్షల మందికి పైనే. ఇక్కడ పది శాతం కాదు, పావు వంతు పెట్టారనుకుందాం. 58 వేలు పైచిలుకు. ఇది సేకరించవచ్చు. కానీ ఎవరు సేకరిస్తారు? మీరూ నేనూ సెలవు పెట్టి తిరుగుతామా? ఓడిపోయిన అభ్యర్థి తిప్పుతాడు. నలభై శాతం ఓట్లతో గెలిచే పద్ధతి మనది. ఓడినవాడి పెట్టెలో ఆ పావు వంతు చాలాచోట్ల ముందే ఉంటుంది. ఫలితాలొచ్చిన రెండో నెల నుంచి సంతకాలు మొదలవుతాయి. పెరూలో స్థానిక సంస్థల్లో వేలమంది మీద రీకాల్ పెట్టారు, చాలాచోట్ల నడిపింది ఓడినవాళ్లే.

సంతకానికి రహస్యం లేదు, అది ఇంకో సమస్య. ఓటు రహస్యం. సంతకం? పేరు, చిరునామా, కాగితం మీద. వెనిజులాలో 2004లో అధ్యక్షుడి మీద రీకాల్ ఓటింగు జరిగింది. సంతకాలు చేసినవాళ్ల జాబితా బయటికొచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాలు పోయినవాళ్లున్నారు. అలా పోగొట్టుకున్న ముగ్గురి విషయంలో 2018లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు ఆ ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. పద్నాలుగేళ్ల తర్వాత! ఇప్పుడు మన ఊళ్లలో పింఛను, రేషను కార్డు, ఇంటి స్థలం ఎవరి సిఫారసు మీద నడుస్తాయో తలుచుకోండి. ఎమ్మెల్యే మీద సంతకం పెట్టే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అది పిరికితనమా? కాదు, బతుకు లెక్క.

వెనిజులా నుంచే మంచి నిబంధన ఒకటి చెప్తాను. అక్కడ అధ్యక్షుణ్ణి దించాలంటే, ఆయన గెలిచినప్పుడు ఎన్ని ఓట్లు వచ్చాయో కనీసం అన్ని ఓట్లు దించడానికి పడాలి. కాలిఫోర్నియాలో ఇలాంటిది లేదు. 2003లో గవర్నర్‌ను దించినప్పుడు ఒకే బ్యాలెట్ మీద రెండు ప్రశ్నలు: దించాలా? దించితే ఎవరు? రెండో ప్రశ్నకు 135 మంది అభ్యర్థులు. ఈ లెక్కలో నలభై తొమ్మిది శాతం మంది ఉండమన్నవాడు దిగిపోయి, ముప్పై శాతం వచ్చినవాడు ఎక్కే వీలుంది. కాబట్టి రేపు ఎవరైనా రీకాల్ బిల్లు తెస్తామంటే చప్పట్లు కొట్టకముందు అడగండి. మొదలుపెట్టేది ఎవరు? సంతకాలు సరిచూసేది ఎవరు? పేర్లు దాస్తారా? ఎన్ని ఓట్లకు దిగాలి? ఖాళీ అయిన సీటు ఎలా నింపుతారు? ఈ ఐదింటికి జవాబు లేని రీకాల్ మనకు దక్కే హక్కు కాదు, ఓడిన పార్టీకి దక్కే రెండో ఛాన్సు.

నోటా గురించి ఎవరో అడుగుతున్నారు. చెప్తాను, చిన్నదే. 2013 సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. 2024లో ఇండోర్ లోక్‌సభ స్థానంలో నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి, రెండో స్థానం. ఫలితం మారిందా? లేదు. మొదటి స్థానం వచ్చినా మారదు, తర్వాత ఎక్కువ ఓట్లొచ్చిన మనిషే గెలుస్తాడు. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక ఎన్నికల వరకు నోటా ముందుంటే మళ్లీ ఎన్నిక అన్నాయి. అసెంబ్లీకి, లోక్‌సభకు అది లేదు. మేనిఫెస్టో సంగతీ చిన్నదే. అందులో హామీలివ్వడం అవినీతి చర్య కిందికి రాదని 2013లోనే కోర్టు చెప్పింది. నెరవేర్చలేదని దావా వేసి పదవి ఊడగొట్టే దారి ఏ చట్టంలోనూ లేదు.

మన చేతిలో ఉన్నవి

మరి మన చేతిలో ఏమీ లేదా? ఉన్నాయి. తక్కువే, కానీ ఉన్నాయి, వాటిని వాడే పద్ధతి తెలియక పోగొట్టుకుంటున్నాం.

ఎన్నికల పిటిషన్, అంటే గెలిచినవాడి ఎన్నిక చెల్లదని వేసే కేసు. అభ్యర్థే వెయ్యాలని లేదు, ఆ నియోజకవర్గంలో ఏ ఓటరైనా వెయ్యవచ్చు. ఫలితం ప్రకటించిన నాటి నుంచి 45 రోజుల్లో హైకోర్టులో. 46వ రోజు వెళ్తే, జ్వరమొచ్చిందన్నా, వరదొచ్చిందన్నా, ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు లేదు. ఖర్చుల కింద 2,000 రూపాయలు డిపాజిట్ కట్టాలి. ప్రతివాదులు ఎంతమందో అన్ని కాపీలు, ప్రతి కాపీ మీద పిటిషనర్ సొంత సంతకంతో ధ్రువీకరణ. డబ్బు పంచారు అంటే చాలదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అనేది రాయాలి, దానికి వేరే అఫిడవిట్ జతచెయ్యాలి. చాలా పిటిషన్లు అసలు విషయంలోకి వెళ్లకముందే ఇక్కడే పోతాయి. గెలిచినవాడి వకీలు మొదట వెతికేది అవినీతి గురించి కాదు, మీ కాపీలో లోపం గురించి.

అన్నీ సరిగ్గా చేశామనుకోండి. ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చెయ్యాలని చట్టంలో ఉంది. జరిగేది వేరు. 1971లో ఇందిరా గాంధీ గెలిచిన రాయ్‌బరేలీ ఎన్నిక మీద అలహాబాద్ హైకోర్టు తీర్పు 1975 జూన్ 12న వచ్చింది, ఆ తర్వాత దేశంలో ఏం జరిగిందో మీకు తెలుసు. మన దగ్గర 2018 డిసెంబరులో జరిగిన కొత్తగూడెం, గద్వాల ఎన్నికలు చెల్లవని తెలంగాణ హైకోర్టు తీర్పులిచ్చింది 2023 జూలై, ఆగస్టుల్లో. అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారని. రెండింటి మీదా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. నవంబరులో మళ్లీ ఎన్నికలే వచ్చేశాయి. ఐదేళ్ల పదవికి ఐదేళ్ల కేసు! అయినా వెయ్యమంటాను. ఎందుకంటే అఫిడవిట్‌లో అబద్ధం రాసి గెలిచినవాడి ఎన్నికను కొట్టేయించే దారి ఇదొక్కటే. ఫలితాలొచ్చాక వకీలును వెతకడం మొదలుపెట్టకండి. నామినేషన్ల నాడే అఫిడవిట్ దించుకుని, రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం, తీయించి పోల్చుకోండి.

సమాచార హక్కు. శాసనసభ సచివాలయం కూడా ఆ చట్టం కిందికి వస్తుంది. అనర్హత పిటిషన్లు ఎన్ని వచ్చాయి, ఏ తేదీన, నోటీసులు ఏ తేదీన ఇచ్చారు అని అడగండి. తేదీలే అడగండి. "ఎందుకు ఆలస్యం చేస్తున్నారు" అని అడిగితే అది సమాచారం కాదని, సభాహక్కులని తిప్పి పంపుతారు. తేదీల జాబితా చేతికొస్తే మూడు నెలల గడువు దాటిందా లేదా అనేది మీరే చూపించవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాత ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు.

ఇక గ్రామసభ. ఓటరు మాటే ఆఖరి మాట అయ్యే చోటు మన దేశంలో మరొకటి ఉంది, ఆదివాసీల షెడ్యూల్డు ప్రాంతాల్లో అటవీ హక్కుల మీద కూర్చున్న గ్రామసభ. నియమగిరి తీసుకోండి. ఒడిశాలో బాక్సైట్ గని. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమంది. రాష్ట్ర ప్రభుత్వం పన్నెండు ఊళ్లను ఎంచింది. పన్నెండుకు పన్నెండూ వద్దన్నాయి. మరుసటి ఏడాది జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. ఎంపీ కాదు, ఎమ్మెల్యే కాదు, మంత్రి కాదు, ఆ పన్నెండు ఊళ్ల మనుషులు ఆపారు.

ఎందుకు పనిచేసింది అక్కడ? జిల్లా జడ్జి స్థాయి అధికారి ప్రతి సభలో కూర్చుని చూశారు, సుప్రీంకోర్టే అలా పెట్టింది. మిగతా చోట్ల జడ్జి రాడు. అందుకని ఆ పని మనమే చేసుకోవాలి. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభ్యుల్లో కనీసం సగం మంది హాజరవ్వాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. తీర్మానాన్ని చదివి వినిపించాక, దాని కిందే, సభలోనే సంతకాలు పెట్టించండి. ఖాళీ కాగితం మీద, హాజరు పట్టీ మీద పెట్టిన సంతకాలు తర్వాత ఏ తీర్మానానికి అంటుకుంటాయో మనకు తెలియదు. ఇంటింటికీ రిజిస్టరు పట్టుకొచ్చేవాళ్లకు సంతకం చెయ్యొద్దు. సభ ముగిసిన వెంటనే పేజీలు ఫోటో తీయండి, తేదీ కనిపించేలా. ఒక కాపీ కార్యదర్శి ముద్రతో తీసుకుని, ఇంకోటి సబ్ కలెక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచండి.

మైదాన ప్రాంతాల వాళ్లు అడుగుతున్నారు, మాకు ఇంత లేదు కదా అని. నిజమే, లేదు. 2013 భూసేకరణ చట్టంలో ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం భూమి పోయే కుటుంబాల సమ్మతి కావాలి. ప్రభుత్వం తన సొంత అవసరానికి తీసుకుంటే సమ్మతి అక్కర్లేదు. కాబట్టి నోటిఫికేషన్ రాగానే మొదట చూడాల్సింది పరిహారం అంకె కాదు, ఎవరి కోసం తీసుకుంటున్నామని రాశారో ఆ వాక్యం. సరే, చీటీలు చాలా వచ్చాయి, ఒక్కొక్కటే చదువుతాను.